పిడికెడు బియ్యం దుర్భిణి

కంటి దవాఖానలో ముక్కు మీద పెట్టిన ఇనుప చట్రం చల్లగా తగిలింది. గదినిండా స్పిరిటు వాసన. డాక్టరమ్మకు మా మనవరాలి వయసుంటుంది. పెట్టెలోంచి గుండ్రటి అద్దాలు ఒక్కొక్కటే తీసి చట్రంలో వేస్తూ, తీస్తూ, "తాతా, ఇది నయమా, ముందుది నయమా?" అని అడుగుతోంది. అద్దం పడ్డప్పుడల్లా టక్కుమని చిన్న చప్పుడు. ఎదురుగా, ఓరగా తెరిచిన తలుపు ముందు, స్టాండుకు తగిలించిన అక్షరాల పలక. నేను జవాబు చెప్పకుండా కూర్చున్నాను. చెవిటివాడిననుకుందేమో, గొంతు పెంచి మళ్లీ అడిగింది. చెవులు బాగానే ఉన్నాయి తల్లీ, మనిషే ఇక్కడ లేడు. కనుబొమకు తగిలిన ఆ చల్లటి ఇనుము నన్ను కోదాడలో ఒక పాత సామాన్ల కొట్టు ముందుకు తీసుకుపోయింది. అక్కడ కూడా నా కంటికి ఒక అద్దం పెట్టి ఒకాయన అచ్చం ఇదే ప్రశ్న అడిగాడు. "ఇది నయమా, అది నయమా? నీకు నచ్చింది చెప్పకు రాములూ. కనబడ్డది చెప్పు."

ఆయన దేవదానం సారు. సూర్యాపేట నుంచి పెన్‌పహాడ్ వెళ్లే దారిలో ఉన్న మిషన్ బడికి ఆయన పంతులు. బడి వెనకున్న హాస్టలు పిల్లలకు తండ్రి కూడా ఆయనే, తల్లి ఆయన భార్య మార్తమ్మ. పెద్ద యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు నేను చెప్పబోయేది. నేను సారు దగ్గర మూడో తరగతి దాకా చదివాను. మూడో తరగతిలో అందరికంటే ఎక్కువ కాలం ఉన్నాను, ఆ గదితో నాకు అంత అనుబంధం. నాతో చేరిన పిల్లలు పై తరగతులకు పోతూ పోతూ కిటికీలోంచి పలకరిస్తుంటే ఇక మర్యాద కాదని బడి మానేసి బస్సెక్కాను. ఎక్కినవాణ్ణి దిగలేదు. ముందు పొయ్యిలో బొగ్గు వేసే పని, తర్వాత టికెట్లు చింపే పని. అప్పట్లో పెట్రోలు దొరక్క మా బస్సు బొగ్గు మీద నడిచేది. వెనకాల పొయ్యి, ముందర డ్రైవరు, మధ్యలో నా నోరు. బస్సు ఆగిపోయినా నా నోరు ఆగేది కాదు కాబట్టి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య తిరిగే జనం పెద్దగా తిట్టుకునేవారు కాదు.

ఒకసారి గరిడేపల్లి దగ్గర ఒకాయన మేకపోతును వెంటబెట్టుకుని ఎక్కాడు. సారు కూడా ఆరోజు బస్సులో ఉన్నాడు. నేను ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "పెద్ద టికెట్ ఎవరికియ్యాలె? గడ్డం సూస్తే ఇద్దరికీ ఒక్క తీర్గనే ఉన్నది" అన్నాను. బస్సంతా ఘొల్లుమంది. ఆ గడ్డమాయన కూడా నవ్వాడు. దిగేటప్పుడు సారు నా భుజం తట్టాడు.

"మంచిగ తగిలింది రాములూ. గురి ఉన్నది నీకు. ఎన్కాల ఏమున్నదో సూసే కొట్టినవా?"

"ఎన్కాల ఏముంటది సార్, మేకపోతు తోక."

సారు నవ్వలేదు. అలాగని కోప్పడలేదు కూడా. మేకపోతు తాడు పట్టుకుని ఒక చిన్నపిల్ల తండ్రి చొక్కా వెనక దాక్కుని ఉందని తర్వాత మా డ్రైవరు చెప్పాడు. సారు షికారి మనిషి కదా, గురి, వెనకాల అంటూ ఏదో షికారి భాష మాట్లాడాడు అనుకుని ఊరుకున్నాను.

అవును, పంతులే షికారి. సొంత దేశానికి తిరిగిపోతూ, మిషన్ నడిపిన పాత దొర తన రైఫిలును సారుకు వదిలిపోయాడు. సర్కారు లైసెన్సు సారు పేరు మీదే ఉండేది. దాని పని ఏడాదికి ఒకటి రెండు రోజులే. హాస్టలు వెనక కొంత జొన్న చేను ఉండేది. యాసంగి పైరు మొలిచి మోకాలెత్తు అయ్యేసరికి తుమ్మల తోపు అవతలి నుంచి జింకల మంద దిగేది. ఒకదాన్ని కొడితే మిగిలినవి చాలా రోజులు ఆ దిక్కు తొంగిచూసేవి కావు. హాస్టలు పిల్లలకు ఆ పూట కూర. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. జింక ఎంత బాగా దొరికినా, దాని వెనక ఏముందో తెలియకపోతే కాల్చేవాడు కాదు. "గుండు జింక కాడ్నే ఆగుతదని ఎవడు చెప్పిండు? అది పోతనే ఉంటది. దాని దారి సూసుకునుడు మన పని" అనేవాడు.

ఆ ఏడు జింకలు వచ్చాయి గానీ సారు రైఫిలు అటక దిగలేదు. పైరు సగం మేసేశాక పోయి అడిగాను. బడి అరుగు మీద పలకలు తుడుస్తూ కూర్చున్నాడు.

"కండ్లు మోసం జేస్తున్నయ్ రాములూ. తుపాకి గొట్టం కొసకు మక్కి ఉంటది సూడు, చిన్న ముల్లు. అది కనబడేటట్టు సూస్తే జింక మబ్బు లెక్క అయితది. జింకను సూస్తే మక్కి మాయం. రొండూ ఒక్కపారి కనబడ్తలేవు."

"అద్దాలు పెట్టుకోండ్రి సార్."

"పెట్టుకున్న. మక్కి మంచిగ కనబడ్డది. జింకే ఎటు పోయిందో తెల్వలే."

"అయితే జింకకు పెట్టుండ్రి అద్దాలు. అదే మిమ్మల్ని సూసి పారిపోతది."

నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. విషయం ఏమిటంటే, అది కరువు ఏడు. ఉన్న గింజల్లో లెవీ కింద సర్కారుకు పోయేది పోగా జనానికి మిగిలేది తక్కువ. మిషన్ కొత్త దొర కబురు పంపాడట. ఈసారి బయటినుంచి గింజలు రావు, చేను పండితే ఉగాది తర్వాత కూడా హాస్టలు నడుస్తుంది, పండకపోతే మూసేసి పిల్లల్ని ఇళ్లకు పంపెయ్యాలి. ఇళ్లకు పంపడమంటే ఏమిటో మాకందరికీ తెలుసు. ఇంట్లో తిండిలేక ఆ పిల్లల్ని ఊళ్లో ఏదో ఒక భూస్వామి ఇంట గొడ్లు కాసే జీతానికి పెడతారు. గొడ్ల వెంట పోయినవాడు మళ్లీ పలక పట్టడు. అప్పటికే పిల్లలు పొద్దున్నే చేను గట్టున నిలబడి డబ్బాలు వాయిస్తున్నారు. మొదట్లో జింకలు బెదిరాయి. తర్వాత అలవాటుపడి, వాయించడం ఆపితే తలెత్తి ఏమైందన్నట్టు చూసేవి.

తుపాకి మీద బిగించే దుర్భిణులు ఉంటాయని, యుద్ధంలో సిపాయిలు వాడారని సారుకు తెలుసు. దాంట్లో చూస్తే ముల్లు, జింక ఒకే అద్దంలో పక్కపక్కనే కనబడతాయట. కళ్లు అటూ ఇటూ పరుగెత్తనక్కర్లేదు. అయితే అలాంటివి దొరల సొమ్ము. సారు జీతం పిల్లల తలనూనెకే చాలేది కాదు.

దారి చూపింది మార్తమ్మ. మిషన్ ఇళ్ల ఆడవాళ్లకు ఒక అలవాటు ఉండేది, ఇప్పటికీ ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, కడిగే ముందు గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండలు గుడికి తెస్తారు. దాన్ని పిడికెడు బియ్యం అంటారు. పేరుకు బియ్యమే గానీ ఆ ఏడు కుండల్లో ఉన్నవన్నీ జొన్నలే. ఆ గింజలు గుడి పైకప్పు తాటికమ్మలకు, దీపం నూనెకు పోతాయి. మార్తమ్మ ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఈసారి అవి దుర్భిణికి పోతాయని చెప్పింది. ఆడవాళ్లు కుండల వైపు చూసుకున్నారు. తమ పిల్లల కంచాల్లోంచి తీసిన గింజలు అవి. చివరికి సలోమి అనే ముసలామె నోరు తెరిచింది.

"గుడి కురిస్తే తడుస్తం, ఎండితే ఆరుతం. హాస్టలు మూస్తే పోరగాండ్లు మళ్ల రారు. కొనుండ్రి. గని మా గింజలతోని కొనేది మేం సూడకుంట కొనొద్దు. మేం గూడ కన్ను పెట్టి సూస్తం."

"తప్పకుండ సూద్దురు" అన్నాడు సారు.

"ఆ రాములుగాని మాట నమ్మి కొనకు సారూ. వాడు బస్సుల పొయ్యిని సూపెట్టి విమానం అని అమ్ముతడు."

అలా నా పరువు ముందే తీసి, వెతికే పని మాత్రం నాకే అప్పగించారు. మూడు ఊళ్లూ తిరిగేవాణ్ణి నేనే కదా. ఎక్కడైనా ఒకటి కంటపడితే సారును తీసుకెళ్లి చూపించేవాణ్ణి.

సూర్యాపేటలో గడియారాలు బాగుచేసే సాబు దగ్గర ఒకటి ఉంది. ఇత్తడిది, జానెడున్నర పొడుగు, తళతళ మెరుస్తోంది. "మియా, ఇందులో చూస్తే ఊరవతల తాటిచెట్టు మీద కల్లు గీసేటోని మీసం కనబడుతది, గ్యారంటీ" అన్నాడు సాబు. కన్ను ఆనించాను. నిజంగానే వీధి చివర మిర్చిబజ్జీలవాడి ముఖం నా ముఖానికి తగిలేంత దగ్గరికి వచ్చింది. "సార్, ఇగ వేరే సూసే పనే లేదు!" అని అరిచాను. సారు దుర్భిణి అవతలి కొనను అరచేత్తో నా వైపు ఒక్క తోపు తోశాడు. అంచు వచ్చి కనుబొమ మీద టక్కుమని తగిలింది. నాకు మిర్చిబజ్జీలవాడి బదులు చుక్కలు కనబడ్డాయి.

"నేను ఉత్తగ తోసిన. తుపాకి పేలితే ఎన్కకు తన్నుతది. కన్ను ఇంత దగ్గర పెడ్తేనే కనబడే అద్దం తుపాకికి పనికొస్తదా?"

"పనికొస్తది సార్, జింక బతుకుతది, మనం పోతం."

అయినా నా మనసు ఆ ఇత్తడిదాని మీదే ఉంది. అంత పెద్దగా చూపించేది ఇంకెక్కడ దొరుకుతుంది? సాబును బతిమాలి, ఆడవాళ్లకు చూపించి తెస్తానని ఒప్పించి సంచిలో వేసుకున్నాను.

మిర్యాలగూడలో ఒక పెద్ద వ్యాపారి దగ్గర రెండోది ఉంది. కొత్తది, తోలుపెట్టెలో మఖ్మలు గుడ్డ మీద పడుకోబెట్టి ఉంది. ఆ పెట్టె తెరిచేముందు గుమాస్తా చేతులు కడుక్కున్నాడు. మమ్మల్ని కడుక్కోమని కూడా అనలేదు, ఎలాగూ ముట్టనివ్వడు కాబట్టి. వెల చెప్పాడు. సారు మర్యాదగా తలాడించి, పెట్టె చాలా బాగుందని మెచ్చుకుని బయటికి వచ్చాడు. "ఆ పెట్టెల జింక గూడ పండుకుంటది సార్, మెత్తగున్నది" అన్నాను. సారు నవ్వుతూనే బస్సుదాకా నడిచాడు. ఆయనలో నాకు నచ్చినదదే. తనకు అందనిదాని మీద ఆయనకు ఎప్పుడూ కోపం ఉండేది కాదు.

మూడోది కోదాడలో. బెజవాడ వైపు నుంచి మిలిటరీ పాత సామాను తెచ్చి అమ్మే ఒకాయన కొట్టు. చినిగిన గుడారాలు, నీళ్ల డబ్బాలు, బెల్టులు, వాటి మధ్య నల్లరంగు పెచ్చులూడిపోయి, ముందరి అద్దం మీద గీతపడి, ఎవరూ పలకరించని చుట్టంలా ఒక దుర్భిణి పడి ఉంది. దాన్ని చూడగానే నా ముఖం ముడుచుకుంది. కన్ను పెట్టి చూస్తే దూరపు మనుషులు కాస్త దగ్గరికి వచ్చారంతే. పలకరించేంత దగ్గరికి రాలేదు.

"ఇదేంది సార్, ఇంత పిసినారిది? రొండడుగులు ముందుకు నడిస్తే దుర్భిణి లేకుంట ఇంతే కనబడుతది."

సారు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, లోపల ఏమీ గలగలమనలేదు. కంటికి ఎదురుగా పెట్టుకుని తలను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. నాలుగు వేళ్ల దూరం వచ్చినా బొమ్మ పోలేదు. గీత మీద గోరు పెట్టి రాశాడు. కొట్టువాడు నొచ్చుకున్నాడు.

"ఆ గీత ఒక్కటేనండి, మిగతాదంతా బానే ఉందండి. అందుకేగా చవగ్గా ఇచ్చేది!"

"గీత అద్దం మీద ఉన్నది గని సూపుల లేదు. సూడు రాములూ, కనబడ్తుందా?"

చూశాను. కనబడలేదు. అప్పుడే ఆయన ఇత్తడిదాన్ని, దీన్ని మార్చి మార్చి నా కంటికి పెట్టి, ఇది నయమా అది నయమా అని అడిగింది. నేను నచ్చిందే చెప్పాను. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇత్తడిది రాజులా చూపిస్తోంది మరి. గింజలు తీసుకుంటావా అని సారు అడిగితే కొట్టువాడి కళ్లు వెలిగాయి. "ఈ కరువులో రూపాయలు ఏం చేసుకోనండి, నమలనా? గింజలే ఇప్పించండి. ముందు తీసుకెళ్లి మీవోళ్లకి చూపించుకోండి, పంతులుగారు ఎక్కడికి పోతారు!"

ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి ముందు ఆడవాళ్ల సంత. ఒక్కొక్కరే కన్ను పెట్టి చూస్తున్నారు, అది కూడా ఏ కన్ను మూయాలో తెలియక రెండూ మూసి, "ఏం కనబడ్తలేదు, చీకటి!" అంటున్నారు. సలోమమ్మ ఇత్తడిదాన్ని తిప్పి తిప్పి ఒక దగ్గర ఆగిపోయింది. "అగో, మా పెద్దోడు! మందు తెస్త అని దవాఖానకు పోయిండు, చింతచెట్టు కింద పండుకున్నడు! నోట్లె ఈగ గూడ కనబడ్తుంది!" అని చేతిలో ఉన్నది నాకు విసిరేసి ఉరికింది. ఇంకేం, అందరూ ఇత్తడిదానికే ఓటు. మగవాళ్లను వెతకడానికి దానికి మించింది లేదని తేలిపోయింది. నేను గర్వంగా సారు వైపు చూశాను.

"జింకలు మధ్యాహ్నం వస్తయా?" అని అడిగాడు సారు.

జింకలు వచ్చేది తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకాక. మేమేమో మంచి ఎండ చూసుకుని సరుకు ఎంచుతున్నాం. బట్టల దుకాణంలో చీర వెలుగులోకి తెచ్చి చూసే అలవాటు మనకు, వెలుగులో బాగుంటే అంతటా బాగున్నట్టే. పొద్దు గుంకి దీపం పెట్టేవేళ దాకా అందరినీ ఆగమన్నాడు. అప్పుడు దూరంగా చింతచెట్టు కింద నల్లమేకను కట్టించి, ఇత్తడిదాన్ని మార్తమ్మ చేతికిచ్చాడు.

"ఏమున్నది?"

"ఏమున్నది, కాటుకడబ్బాల సూసినట్టున్నది."

పెచ్చులూడినదాన్ని ఇచ్చాడు. ఆమె చూసింది.

"మేక ఉన్నది. దాని కింద పిల్ల గూడ ఉన్నది, పాలు తాగుతున్నది. పిల్లను ఎవరు కట్టేసిండ్రు?"

పిల్ల సంగతి మాలో ఎవరికీ తెలియదు. అది తల్లిని వెతుక్కుంటూ తనంతట తానే వచ్చింది. సారు ముఖం విప్పారింది. "ఎక్కువ దగ్గరికి గుంజే అద్దం వెలుతురును తక్కువ తెస్తది. చుట్టుపక్కల ఉన్నదాన్ని కూడ కోసేస్తది. తక్కువ గుంజేది చుట్టూ ఉన్నదంత సూపెడ్తది" అన్నాడు. ఇత్తడిది తన కీర్తితో సహా సాబు దగ్గరికి పోయింది. పిడికెడు బియ్యం కుండలు కోదాడకు పోయాయి.

తుపాకులు బాగుచేసే కమ్మరి ఇనుప పట్టీలు కొట్టి దుర్భిణిని రైఫిలు మీద బిగించాడు. తూటాలు దండగ చెయ్యకుండా గురి కుదర్చడానికి సారు ఒక ఉపాయం చేశాడు. తాటిచెట్టు మొదలుకు సున్నపు చుక్క పెట్టించి, రైఫిలు వెనక కదిలే భాగం ఊడదీసి, గొట్టంలోంచి చుక్కను చూశాడు. గొట్టంలో చుక్క కనబడేటట్టు రైఫిలును ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, దుర్భిణిలోని ముల్లును కూడా అదే చుక్క మీదికి తెచ్చాడు. ఆ తర్వాత ఒక్క తూటా కాల్చాడు. సున్నం ఎగిరింది. ఆడవాళ్లు ఈలలు వేయడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

మర్నాడు తెల్లవారకముందే నేనూ సారూ చేను ఈవలి గట్టు వెనక బోర్లా పడుకున్నాం. చేనులో సగం ముందు విత్తింది, మనిషెత్తు పెరిగి అవతలి వైపు గోడలా నిలబడింది. ఆలస్యంగా విత్తిన సగం ఇంకా మోకాలెత్తే, మా ముందర ఉంది. జింకలకు కావలసింది ఆ లేతదే. గాలి మా ముఖం మీదికి వీస్తోంది. మంచు పొగలా కదులుతోంది. తూర్పు కాస్త తెల్లబడేసరికి మంద దిగింది. ముందర నల్లటి మగజింక, ఇర్రి, మెలితిరిగిన కొమ్ములతో. అది పొడుగాటి జొన్న ముందర అడ్డంగా నిలబడి తల వంచి మేస్తోంది. బొమ్మ గీసి పెట్టినట్టు దొరికింది. నా గుండె చప్పుడుకు అది బెదురుతుందేమోనని భయమేసింది.

"కొట్టుండ్రి సార్" అని గుసగుసగా అన్నాను.

సారు వేలు బిగుసుకుంది. ఆగింది. ఊపిరి వదిలాడు, మళ్లీ తీశాడు. ఆ ఇర్రి రెండడుగులు వేసింది, అయినా కాల్చలేదు.

"కొట్టుండ్రి, పోతది!"

ఆయన వేలు తీసేశాడు. మెల్లగా తూటా బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. రైఫిలు నా వైపు జరిపాడు.

"సూడు. ఏం కనబడ్తుంది?"

"జింక."

"ఇంక?"

"కొమ్ములు."

"దాని ఎన్కాల?"

జొన్నకర్రల మధ్య తెల్లగా ఏదో ఉంది. కంకి అనుకున్నాను. అది కదిలింది. చీర కొంగుతో ఎవరో నోరు మూసుకుంటున్నారు. ఆ చేతికి ఇత్తడి గాజు. దుర్భిణిలోంచి కన్ను తీసి మామూలుగా చూశాను, జొన్న తప్ప ఏమీ లేదు. మళ్లీ పెట్టాను. మార్తమ్మ. ఆమె భుజం పక్కనుంచి సలోమమ్మ తొంగిచూస్తోంది. తమ గింజలతో కొన్న దుర్భిణి ఎలా పనిచేస్తుందో చూడాలని, జింకలు బెదరకుండా వెనకదారిన వచ్చి, చక్కగా దాక్కుని నిలబడ్డారు. జింకకు కనబడకూడదనే వాళ్ల జాగ్రత్తంతా. తుపాకి ఎటు తిరిగి ఉంటుందో తలచుకోలేదు. ఇత్తడి దుర్భిణి అయితే ఆ మసకవెలుతుర్లో అద్దం నిండా నల్లటి జింక ఒంటి ముక్క తప్ప ఇంకేమీ కనబడేది కాదు. దాన్ని ఎంచింది నేనే కదా.

"మార్తా!" అని సారు పిలిచిన పిలుపుకు మంద మొత్తం గాలిలోకి లేచింది. ఒక్క గంతులో గట్టు దాటి మాయమైంది. జొన్నలోంచి మార్తమ్మ కోపంగా బయటికి వచ్చింది.

"ఏంది, కొట్టలేదేంది? ఎదురుంగ నిలబడ్డదాన్ని ఇడిసిపెడ్తివి! మా గింజలు దండుగేనా?"

"దండుగ కాలే." సారు గట్టు మీద కూర్చున్నాడు. "జింక ఎన్కాల నువ్వు కనబడ్డవు."

ఆమె తను నిలబడిన చోటుకు తిరిగి చూసింది. అక్కడినుంచి మా గట్టు వైపు, సారు ఒళ్లో ఉన్న రైఫిలు వైపు చూసింది. ముఖంలో రంగు పోయింది. సలోమమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. చివరికి మార్తమ్మే కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన పక్కన కూర్చుంది.

"ఇన్నేండ్ల సంది ఇంట్ల తిరుగుతున్న. ఇగ ఇప్పటికి కనబడ్డనా?"

సారు నవ్వాడు. ఆయన నవ్వుతూంటే కళ్లవెంట నీళ్లు కారాయి. "మంచి సామానే కొన్నం" అని సలోమమ్మ తీర్పు చెప్పింది. జింక దొరకని ఆ పొద్దున మేమంతా పండగ చేసుకుని వచ్చినట్టు నవ్వుకుంటూ ఇంటికి నడిచాం.

ఆ వారంలోనే, ఆడవాళ్లందరినీ గుడి అరుగు మీద కూర్చోబెట్టి లెక్కచూసుకున్నాక, సారు ఆ ఇర్రిని ఒకే తూటాతో పడగొట్టాడు. వెనక ఉత్త మట్టిగట్టు. మొదటి వాటా పిడికెడు బియ్యం వేసిన ఇళ్లకు పోయింది, మిగిలింది హాస్టలు కుండలోకి. మంద తోపు దాటి రావడం మానేసింది. మేసిన పైరు పిలకలు వేసి మళ్లీ లేచింది. విరగపండిందని అబద్ధం చెప్పను గానీ, ఉగాది తర్వాత కూడా హాస్టల్లో పొయ్యి వెలిగింది. ఒక్క పిల్లవాడు కూడా జీతానికి పోలేదు. వాళ్లలో ఒకడు తర్వాత అదే బడికి పంతులై వచ్చి, మా బస్సెక్కి, నన్ను 'రాములు సారూ' అన్నాడు. నన్ను సారు అన్న ఒకే ఒక్క మనిషి, చిల్లర తిరిగి ఇవ్వడం కూడా మరిచిపోయాను.

తర్వాత రోజులు మారాయి. అందరి తుపాకులతో పాటు సారు రైఫిలు కూడా ఠాణాలో జమ అయింది. దుర్భిణి మాత్రం తుపాకి కాదని, అది ఆడవాళ్ల సొత్తని సారు వాదించి విప్పి ఉంచుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు హాస్టలు పిల్లలు వెన్నెల రోజుల్లో దాంతో చందమామను చూసేవారు. మార్తమ్మ ఎవరు వచ్చినా అది చూపించి, "నా గింజలు పెట్టి కొనుక్కొని నన్నే సూసుకున్నడు" అని చెప్పేది. సారు ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే సిగ్గుపడేవాడు.

నేను తుపాకి పట్టలేదు. నా నోరే నాకు తుపాకి, అది లైసెన్సు లేకుండా జీవితమంతా పేలింది. బస్సులో ఎవరైనా చేతికి చిక్కితే నాలిక దురద పెట్టేది. కానీ ఆ పొద్దుటి నుంచి ఒక అలవాటు వచ్చింది. మాట నోటికొచ్చాక ఒక్క క్షణం ఆగి, ఆ మనిషి వెనక ఎవరు నిలబడ్డారో చూసేవాణ్ణి. కొడుకో, కొత్త కోడలో, వియ్యపురాలో. ఎవరూ లేకపోతే పేల్చేవాణ్ణి. ఉంటే తూటా తీసి జేబులో వేసుకునేవాణ్ణి. దాచుకున్న ఆ జోకులన్నీ ఇంకా అక్కడే ఉన్నాయి. అందుకే కాబోలు ఈ వయసులో కూడా నాకు నవ్వుకు కరువు రాలేదు. వెనక చూశాక కూడా వేయగలిగిన జోకు ఎప్పుడూ గట్టిగా పేలుతుంది. జనం నవ్వి ఇంటికి పోయాక కూడా నవ్వుకుంటారు.

"తాతా!" డాక్టరమ్మ చివరి అద్దం వేసింది. టక్కుమంది. "ఇప్పుడెట్ల ఉన్నది? ఏం కనబడ్తుందో చెప్పు."

పలక మీది అడుగు వరస చదివాను. మూడో తరగతిలో అంతకాలం ఉన్నది ఊరికే పోలేదు. ఆమె సంతోషించి, "ఇంక?" అంది.

అడగకూడని మనిషిని అడిగింది. పలక దాటి చూశాను.

"పలక ఎన్కాల తలుపు సందుల ఒక అవ్వ నిలబడ్డది బిడ్డా, నీకు తెచ్చిన చాయ్ చేతిల పట్టుకొని. ఎంతసేపైందో ఏమో. నువ్వు పనిల ఉన్నవని పిలుస్తలేదు. లోపలికి రమ్మను. అది సల్లారిపోతది."